హెడ్ కొట్టించే ముందు పిస్టన్‌కీ హెడ్‌కీ మధ్య గ్యాప్ కొలవండి: ఆర్‌ఎక్స్ 100 మీద చేసి చూపిస్తాను

"ఎంత కొట్టాలె అన్నా?" అని లేత్ మీద హెడ్ బిగించుకుంటూ అడిగాడు ఆ పిల్లగాడు. "ఒక మిల్లీ కొట్టు తమ్మీ" అన్నాను. హెడ్ అంటే సిలిండర్ మీది మూత; కొట్టించడమంటే పికప్ పెరగాలని దాని అడుగు ముఖాన్ని లేత్ మీద పలచగా కోయించడం, దాన్నే ఫేసింగ్ అంటారు. ఒక మిల్లీయే ఎందుకంటే నా దగ్గర జవాబు లేదు. నర్సంపేట దోస్తు ఒకడు తన బండికి అంతే కొట్టించాడు, వాడి బండి ఎగురుతోంది, నాకు అది చాలింది. ఇంటికొచ్చి బిగించి కిక్ కొడితే స్టార్ట్ అయింది, పికప్ చూసి మురిసిపోయాను, ములుగు రోడ్డెక్కి మూడో గేరులో లాగేసరికి లోపల ఎవరో చిన్న సుత్తితో టకటకా కొడుతున్నట్టు చప్పుడు. విప్పి చూస్తే పిస్టన్ తల అంచున గోరంత మెరుపు మచ్చ, హెడ్‌లో సరిగ్గా దానికి ఎదురుగా ఇంకోటి. లేత్ పిల్లగాడి తప్పేం లేదు, చెప్పినంతే కోశాడు. కొలవకుండా అంకె చెప్పింది నేను.

అందుకే ఇది రాస్తున్నాను. యమహా ఆర్‌ఎక్స్ 100 బండి అయితే వరంగల్, కరీంనగర్ వైపు ఇప్పటికీ ప్రాణం పెట్టి నడిపేవాళ్లు మస్తుగా ఉన్నారు కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకున్నాను, కానీ పద్ధతి ఏ టూ స్ట్రోక్‌కైనా ఇదే. ఫోర్ స్ట్రోక్‌కి ఒక అదనపు పని ఉంటుంది, అది చివర్లో చెప్తాను.

ముందు ఈ గ్యాప్ దేనికో తెలియాలి, లేకపోతే అంకె బట్టీ పట్టి నాలాగే దెబ్బ తింటారు. మీ హెడ్‌ని తిరగేసి చూడండి. మధ్యలో గిన్నెలాంటి గుంట, దాని చుట్టూ పిస్టన్ తలకు బాగా దగ్గరగా వచ్చే ఒక పట్టీ. ఆ పట్టీని స్క్విష్ బ్యాండ్ అంటారు. పిస్టన్ పైకి వచ్చేటప్పుడు ఆ పట్టీకి, పిస్టన్ అంచుకి మధ్య ఇరుక్కున్న పెట్రోల్ గాలి, రెండు అరచేతుల మధ్య నీళ్లు పోసి చప్పట్లు కొడితే చిమ్మినట్టు, మధ్య గిన్నెలోకి చిమ్ముతుంది. దానివల్ల మంట త్వరగా, ఒకే తీరుగా అంటుకుంటుంది. అంచున మిగిలిపోయే పలచటి పొర రెండు వైపులా లోహానికి ఆనుకుని ఉంటుంది కాబట్టి చల్లబడి, దానంతట అది పేలకుండా ఉంటుంది. గ్యాప్ ఎక్కువైతే ఆ పొర మందమవుతుంది, చల్లబడదు, చిమ్మడమూ ఉండదు, ప్లగ్ మంట వచ్చేలోపే అంచున పేలుతుంది. మనం నాకింగ్ అనేది అదే. మే నెలలో మధ్యాహ్నం 44 డిగ్రీల ఎండలో గాలితో చల్లబడే ఇంజన్ నడిపే మనకి ఇది పుస్తకంలో ముచ్చట కాదు.

ఇక్కడ చాలామంది తిరగేసి అర్థం చేసుకునే సంగతి ఒకటుంది. గ్యాప్ తగ్గిస్తే నాకింగ్ పెరుగుతుందని భయపడి 1.5 మి.మీ. దగ్గరే వదిలేస్తారు, కానీ గిన్నెను ఇంకో రకంగా చిన్నది చేసి కంప్రెషన్ (పిస్టన్ పైకి వచ్చేసరికి పెట్రోల్ గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందో ఆ లెక్క) పెంచుతారు. ఒకే కంప్రెషన్ ఉన్న రెండు ఇంజన్లలో గ్యాప్ వదులుగా ఉన్నదే ముందు నాకింగ్ చేస్తుంది. గ్యాప్ వేరు, కంప్రెషన్ వేరు. ముందు గ్యాప్ పెట్టుకోవాలి, ఆ తర్వాత గిన్నె సైజుతో కంప్రెషన్ పెట్టుకోవాలి.

మరి సున్నా దాకా ఎందుకు తగ్గించకూడదు? ఇంజన్ ఆగి ఉన్నప్పుడు మీరు కొలిచిన గ్యాప్ తిరిగేటప్పుడు ఉండదు. ఆర్‌ఎక్స్ 100 బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 50 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 50 మి.మీ., పూర్తి పవర్ వచ్చేది 7500 ఆర్‌పీఎం దగ్గర. ఆ వేగంలో పైకి వచ్చిన పిస్టన్‌ని ఆపి మళ్లీ కిందికి లాగడానికి కావలసిన బలం దాని బరువుకి దాదాపు 2000 రెట్లు. 100 గ్రాముల పిస్టన్ అనుకున్నా 200 కిలోలు. ఆ లాగుడుకి కనెక్టింగ్ రాడ్ వెంట్రుకవాసి సాగుతుంది, రాడ్ కింది కొనలోని బిగ్ ఎండ్ బేరింగ్‌లో ఉన్న ఆట మొత్తం ఒకవైపు లాక్కుంటుంది, క్రాంక్ కొంచెం వంగుతుంది, పిస్టన్ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. పోర్టింగ్ చేసి (అంటే సిలిండర్ గోడలో గ్యాస్ వచ్చిపోయే రంధ్రాలు, పోర్టులు, పెద్దవి చేసి) 10000 దాకా తిప్పేవాళ్లకి ఆ 2000 కాస్తా 3500 అవుతుంది. దానికి తోడు రోజులు గడిచేకొద్దీ పేరుకునే కార్బన్ పొర. నా బండిలో హెడ్ కొట్టించాక మిగిలింది అర మిల్లీ కూడా లేదని తర్వాత లెక్కేస్తే తెలిసింది, పైగా నా క్రాంక్ పాతది.

ఇక పని మొదలుపెడదాం. కావలసినవి పెద్దగా ఏమీ లేవు: ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరికే మెత్తటి సోల్డర్ తీగ, ఒక మైక్రోమీటర్ లేదా మంచి డిజిటల్ వెర్నియర్, గ్రీజు, టార్క్ రెంచ్. తీగ 2 మి.మీ. మందం తెచ్చుకోండి. సన్నది అయితే ఎక్కడా నలగక అలాగే బయటికి వస్తుంది, 3 మి.మీ. అయితే నలపడానికి బలం ఎక్కువ కావాలి, ఆ బలానికి పిస్టన్ పక్కకి ఒరిగి తప్పు అంకె చూపిస్తుంది. టార్క్ రెంచ్ లేదు, చేత్తో బిగించేస్తాను అనేవాళ్లు ఈ ఒక్క రోజుకైనా ఎవరిదైనా అడిగి తెచ్చుకోండి. ప్యాకింగ్ (గాస్కెట్) ఎంత నలిగితే గ్యాప్ అంత తగ్గుతుంది కదా, బిగుతు మారితే కొలత మారినట్టే.

కొలవక ముందు బిగ్ ఎండ్ చూడండి. సిలిండర్ తీసి, రాడ్ పట్టుకుని నిటారుగా పైకీ కిందికీ లాగండి. పక్కకి కదలడం మామూలే, కానీ పైకీ కిందికీ చేతికి తెలిసేంత ఆట ఉంటే ఇక్కడితో ఆపి క్రాంక్ పని చేయించుకోండి, అలాంటి ఇంజన్‌కి గ్యాప్ పెట్టడం వృథా. తర్వాత పిస్టన్ తల మీదా హెడ్ లోపలా కార్బన్ మొత్తం గీకేయండి. ఇత్తడి బ్రష్, కిరోసిన్ చాలు, స్క్రూడ్రైవర్‌తో గీకితే అల్యూమినియం మీద గాట్లు పడతాయి. సిలిండర్ బేస్ మీద పాత ప్యాకింగ్ కాగితం ముక్క గోరంత అతుక్కుని ఉన్నా కొలత చెడుతుంది.

బేస్ ప్యాకింగ్ వేసి సిలిండర్ ఎక్కించండి. రింగులు లేకుండా ఎక్కిస్తే తిప్పడం సులువు. ఇప్పుడు తీగని సుమారు 15 మి.మీ. ముక్కలు రెండు కత్తిరించి, పిస్టన్ తల మీద ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి, కొన సిలిండర్ గోడకి ఆనేలా, మధ్య వైపు చూసేలా గ్రీజుతో అతికించండి. ఎడమా కుడీ ఎందుకంటే ఆర్‌ఎక్స్‌లో పిస్టన్ పిన్ ఆ దిక్కునే ఉంటుంది. పిన్ వరుసలో పెడితే పిస్టన్ ఊగదు. ముందూ వెనకా పెడితే తీగ నొక్కుడికి పిస్టన్ ఒరిగిపోయి ఉన్నదానికన్నా ఎక్కువ గ్యాప్ చూపిస్తుంది. ఒక్కవైపే పెట్టడం కూడా తప్పే. ప్లగ్ రంధ్రంలోంచి తీగ దూర్చి ఒకవైపే కొలిచేవాళ్లున్నారు, తొందరలో ఒక అంచనాకి సరే గానీ హెడ్ కోయించడానికి ఆ అంకె వాడకండి.

హెడ్ ప్యాకింగ్ వేసి, హెడ్ పెట్టి, నట్లని ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి బిగించండి. కొత్త ప్యాకింగ్ మొదటిసారి బిగించినప్పుడు నలుగుతుంది, కాబట్టి కొలత కోసం ఒకసారి బిగించి తీసిన పాతదాన్ని, నలిగి పాడవకుండా ఉంటే, వాడొచ్చు. ప్లగ్ తీసేయండి. కిక్ కొట్టకండి! క్రాంక్ చివరన ఉండే మాగ్నెటో నట్‌కి స్పానర్ వేసి నట్ బిగుసుకునే దిక్కులో మెల్లగా తిప్పండి. పైన చిన్నగా గట్టిపడుతుంది, దాన్ని దాటించి అవతలికి తీసుకెళ్లండి. ఒక్కసారే దాటించాలి, ముందుకీ వెనక్కీ ఆడిస్తే తీగ జరుగుతుంది.

హెడ్ తీసి నలిగిన ముక్కల్ని చూడండి. సిలిండర్ గోడ వైపు ఉన్న కొనలో అన్నిటికన్నా సన్నగా ఉన్నచోట కొలవాలి. ఎడమ, కుడి రెండూ రాసుకోండి. ఇదంతా కొత్త తీగతో ఇంకో రెండుసార్లు చేయండి, విసుగొచ్చినా సరే. మూడుసార్లూ 0.05 మి.మీ. లోపల ఒకేలా వస్తే మీ చేతి పని నమ్మొచ్చు.

ఆ ముక్క అంకె కన్నా ఎక్కువే చెప్తుంది, పారేయకండి. ఎడమకీ కుడికీ 0.1 మి.మీ. కన్నా ఎక్కువ తేడా వస్తే హెడ్ ఫేస్ వంకరైనా అయ్యుండాలి, సిలిండర్ బేస్ కింద చెత్తయినా ఉండాలి, రాడ్ వంగి అయినా ఉండాలి. రాడ్ వంగడం అంటే ఒకప్పుడు సీజ్ అయిన (పిస్టన్ సిలిండర్‌లో పట్టేసిన) బండి కావొచ్చు, అమ్మినాయన చెప్పకపోయినా తీగ చెప్పేస్తుంది. ముక్కని పక్క నుంచి చూస్తే నలిగిన భాగం వాలు కూడా కనబడుతుంది. గోడ దగ్గర సన్నగా ఉండి మధ్యకి వెళ్లేకొద్దీ కాస్త మందమైతే మంచిదే, చిమ్మడానికి దారి దొరుకుతుంది. దానికి రివర్సులో, మధ్య వైపు సన్నగా, గోడ దగ్గర మందంగా ఉంటే మీ హెడ్ పట్టీ కోణం పిస్టన్ తల ఉబ్బుకి సరిపోలేదు. అప్పుడు ఫేసింగ్ ఒక్కటే కొట్టిస్తే లాభం లేదు, పట్టీ కోణం కూడా మళ్లీ కోయించాలి. బయట దొరికే పిస్టన్లన్నీ ఒకే ఎత్తు, ఒకే ఉబ్బు ఉంటాయనుకోవద్దు. నేను బోరింగ్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేసినప్పుడు గ్యాప్ పాతదానికన్నా 0.3 మి.మీ. మారింది, హెడ్ ముట్టుకోకుండానే.

సరే, ఎంత ఉండాలి? 50 మి.మీ. బోరుకి, క్రాంక్ బాగుంటే, 0.8 నుంచి 1.0 మి.మీ. మధ్యలో పెట్టుకోవచ్చు. మొదటిసారి చేసేవాళ్లు, రోజూ ఆఫీసుకి నడిపేవాళ్లు 0.95 లేదా 1.0 దగ్గర ఆగండి. 58 మి.మీ. బోరున్న ఆర్‌ఎక్స్ 135 అయితే 0.9 నుంచి 1.1. ఇంతకన్నా తగ్గించేవాళ్లు ఉన్నారు, రేసుకి వెళ్లే ఇంజన్లు వారం వారం విప్పుకునేవాళ్లు వాళ్లు. పెళ్లికి ఇద్దర్నెక్కించుకుని పరకాల దాకా వెళ్లే బండికి 0.7 పెట్టుకుని సాధించేదేమీ లేదు.

గ్యాప్ తగ్గించడానికి దారులు రెండు, రెండిటికీ పక్క ప్రభావాలు ఉన్నాయి. బేస్ ప్యాకింగ్ పలచనిది వేస్తే సిలిండర్ మొత్తం కిందికి దిగుతుంది, దానితో పోర్టులూ దిగుతాయి. ఈ ఇంజన్‌లో సిలిండర్ అర మిల్లీ దిగితే ఎగ్జాస్ట్ పోర్టు తెరిచి ఉండే కాలం రెండు డిగ్రీల పైచిలుకు, ట్రాన్స్‌ఫర్ పోర్టు (కొత్త పెట్రోల్ గాలి సిలిండర్‌లోకి వచ్చే దారి) తెరిచి ఉండే కాలం మూడు డిగ్రీలు తగ్గుతుంది. కింది గేర్లలో లాగుడు కాస్త పెరుగుతుంది, పైన ఊపు కాస్త తగ్గుతుంది. ఊళ్లో తిప్పే బండికి ఇది మంచి బేరమే. పోర్టులు ఫైల్ చేయించి టైమింగ్ కొలుచుకున్న ఇంజన్ అయితే మాత్రం బేస్‌ని కదిలించకండి, హెడ్ ఫేసింగ్ కొట్టించండి. అలాగే సిలిండర్ దించినప్పుడు పిస్టన్ అంచు సిలిండర్ పై అంచుని దాటి బయటికి పొడుచుకు వస్తోందేమో కూడా చూసుకోవాలి.

నా బండికి రెండోసారి బుద్ధిగా చేసిన లెక్క ఇది. వేరే హెడ్ ఒకటి తెచ్చి పెట్టి కొలిస్తే 1.45 వచ్చింది. బేస్ ప్యాకింగ్ మార్చితే 0.2 తగ్గింది, అంటే 1.25. కావలసింది 0.95, కాబట్టి ఫేసింగ్ 0.3. మొత్తం తగ్గింది 0.5. దోస్తు చెప్పిన ఒక మిల్లీ ఎక్కడ, ఈ 0.3 ఎక్కడ!

లేత్ షాపులో అంకె నోటితో చెప్పకండి, కాగితం మీద మిల్లీమీటర్లలో రాసివ్వండి. "పాయింట్" అంటే ఆయన లెక్క ఒకటి, మీ లెక్క ఇంకోటి కావొచ్చు, ఇంకొందరు అంగుళంలో వెయ్యో వంతు లెక్కలో ఉంటారు. హెడ్‌ని చక్‌లో రెక్కల మీద పట్టిస్తే వంకర కోత పడుతుంది. పాత ప్లగ్ ఒకటి పింగాణీ పగలగొట్టి, దాని బాడీకి ఒక రాడ్ వెల్డింగ్ చేయించి, ఆ వెల్డింగ్ తిన్నగా వచ్చేలా రాడ్‌ని లేత్ మీదే సరిచేయించుకుని తీసుకెళ్లండి. ప్లగ్ మరలకి హెడ్ బిగించి ఆ రాడ్‌ని చక్‌లో పడితే మధ్య తప్పదు. ఒకేసారి 0.3 కోయించొద్దు. 0.2 కోయించి, తెచ్చి, మళ్లీ తీగ పెట్టి చూసి, మిగతాది కోయించండి. రెండుసార్లు తిరగడం బాధే, కానీ కోసింది మళ్లీ అతకదు. చివరి 0.05 అయితే నేను ఇంట్లోనే దించాను: పాత టీపాయ్ మందపాటి గాజు మీద 400 నంబర్ ఎమరీ కాగితం పరిచి, కొంచెం కిరోసిన్ పోసి, హెడ్‌ని ఎనిమిది అంకె తిప్పినట్టు తిప్పుతూ. భుజాలు పట్టేశాయి, కానీ ఫేస్ అద్దంలా వచ్చింది.

గ్యాప్ కుదిరాక కంప్రెషన్ చూడాలి. 50 మి.మీ. బోరులో ప్రతి 0.1 మి.మీ.కి దాదాపు 0.2 సీసీ తగ్గుతుంది. నేను తగ్గించిన 0.5కి 0.98 సీసీ పోయింది. గిన్నెలో ఎంత ఉందో కొలవడానికి పిస్టన్‌ని సరిగ్గా పైన ఆపి, అంచు చుట్టూ సన్నగా గ్రీజు రాసి, హెడ్ బిగించి, ప్లగ్ రంధ్రం అన్నిటికన్నా ఎత్తులో ఉండేలా ఇంజన్ వంచి, కిరోసిన్‌లో కాస్త టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ కలిపి సిరంజితో రంధ్రం పై అంచు దాకా నింపండి. ఎంత పట్టిందో దాంట్లోంచి ప్లగ్ మరల చోటు, అర అంగుళం ప్లగ్‌కి సుమారు 1.7 సీసీ, తీసేయండి. ఒక్క నిమిషంలో చదివేయాలి, లేకపోతే పిస్టన్ పక్కల నుంచి కిందికి జారిపోతుంది. నాకు ముందు 10.6 సీసీ ఉండేది, తర్వాత 9.6 సీసీ అయింది. ఇంజన్ 98.2 సీసీ కాబట్టి 98.2ని గిన్నెతో భాగించి ఒకటి కలిపితే నిష్పత్తి: ముందు 10.3, తర్వాత 11.2. జపాన్ కంపెనీలు టూ స్ట్రోక్‌కి ఎగ్జాస్ట్ పోర్టు మూసుకున్న దగ్గర నుంచి లెక్కేస్తాయి, అందుకే వాళ్ల పుస్తకంలో 6, 7 లాంటి చిన్న అంకెలు కనబడతాయి. రెండు లెక్కలూ కలిపేసి గాబరా పడకండి.

11.2 మన ఎండలకి నాకు ఎక్కువనిపించింది. అందుకని పట్టీని ముట్టుకోకుండా మధ్య గిన్నెని మాత్రం లోతు చేయించి 0.6 సీసీ వెనక్కి తెచ్చాను, నిష్పత్తి 10.6 దగ్గర ఆగింది. అంటే మొదట్లో ఉన్నదానికన్నా కొంచెమే ఎక్కువ, కానీ గ్యాప్ మాత్రం 1.45 నుంచి 0.95కి వచ్చింది. నడిపితే తేడా కంప్రెషన్ వల్ల కాదు, ఈ గ్యాప్ వల్లే అని తెలిసిపోయింది: ఎండలో కూడా టకటక లేదు, సగం థ్రాటిల్‌లో నున్నగా లాగుతోంది. పెట్రోల్‌లో ఇథనాల్ ఎక్కువయ్యాక కార్బురేటర్‌లో పెట్రోల్ వదిలే పాత జెట్‌తో మిశ్రమం పలచబడుతుంది, కాబట్టి మెయిన్ జెట్ ఒక నంబర్ పెంచుకున్నాను. ఇగ్నిషన్ టైమింగ్ ముందుకు జరపలేదు, మీరూ జరపకండి.

ఫోర్ స్ట్రోక్ వాళ్లకి చెప్తానన్నది: గ్యాప్ కొలిచేది ఇలాగే, స్టీల్ రాడ్ ఇంజన్లకి 0.9 నుంచి 1.1 మి.మీ. మామూలుగా వాడే అంకె. కానీ హెడ్ కోస్తే వాల్వులు కూడా పిస్టన్‌కి దగ్గరవుతాయి. పిస్టన్ తల మీద వాల్వు గుంటల్లో పిల్లలు ఆడుకునే మెత్తటి క్లే పెట్టి, దాని మీద కొంచెం నూనె రాసి, టైమింగ్ చైన్ కట్టి, వాల్వు గ్యాప్ సెట్ చేసి, రెండు పూర్తి చుట్లు చేత్తో తిప్పి, క్లేని బ్లేడుతో కోసి మందం చూడండి. ఇన్‌టేక్‌కి 2 మి.మీ., ఎగ్జాస్ట్‌కి 2.5 మి.మీ. ఉంటే నిశ్చింత. ఎగ్జాస్ట్‌కి ఎక్కువ ఎందుకంటే అది వేడికి సాగుతుంది, పైగా అది మూసుకుంటుంటే పిస్టన్ వెనకాలే తరుముకుంటూ వస్తుంది.

రింగులు, కొత్త ప్యాకింగులు వేసి బిగించేశాక, కొత్త ప్యాకింగ్‌తో గ్యాప్ ఇంకొక్కసారి చూసుకోండి. ఈసారి హెడ్ విప్పాల్సిన పని లేదు, ప్లగ్ రంధ్రంలోంచి తీగ దూర్చి చూస్తే సరిపోతుంది, ఒకవైపు అంకె పాతదానికి దగ్గరగా ఉంటే చాలు. మొదటిసారి బాగా వేడెక్కించి, రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున నట్లు మళ్లీ టార్క్ చేయండి. తర్వాత 500 కిలోమీటర్లకి హెడ్ విప్పండి. పిస్టన్ అంచున పట్టీ మేర కార్బన్ లేకుండా కడిగినట్టు శుభ్రంగా, మసకగా ఉంటే గ్యాప్ సరిగ్గా కుదిరింది. నల్లగా కార్బన్ పట్టి ఉంటే ఇంకా వదులు. అంచున ఇసుకతో కొట్టినట్టు సన్న సన్న గుంటలు, ప్లగ్ పింగాణీ మీద మిరియం పొడిలా చుక్కలు ఉంటే నాకింగ్ అవుతోంది, జెట్ పెంచి గిన్నె ఇంకాస్త పెద్దది చేయించండి. ఎక్కడైనా మెరుపు మచ్చ కనబడితే తాకుతోంది. వెంటనే 0.2 మి.మీ. మందం ఎక్కువున్న ప్యాకింగ్ వేసుకుని, బిగ్ ఎండ్ ఇంకోసారి చూడండి.